తొమ్మిదో అంతస్తులో జాడీ

కోబేలో, సముద్రానికి మొహం పెట్టిన తొమ్మిదో అంతస్తు.
గోడలు తెలుపు, అలమరలు తెలుపు,
తోస్తే చప్పుడు లేకుండా మూసుకునే సొరుగులు.
దిగి నెలన్నరైనా
ఇల్లు ఇంకా దేని వాసనా వేయడం లేదు.

ఇంటీరియర్ చేసిన అమ్మాయి వెళ్తూ వెళ్తూ అంది:
"ఆ మూల ఒక్క పాత వస్తువు పెట్టండి చాలు,
మిగతా ఇల్లు దానికి సర్దుకుంటుంది."
ఒక్కటంటే ఒక్కటే అని వేలు కూడా చూపించింది.

మోతోమాచి వెనక సందులో ఒగావరా గారి కొట్టు.
పైకప్పు దాకా గిన్నెలు, సారాయి బుడ్లు,
మూతలు పోయినవి, మూతలే మిగిలినవి.
ఆయన నా మొహం చూడలేదు, నా చెప్పులు చూసి
లోపలి నుంచి దొర్లించుకొచ్చాడు దీన్ని:
తాంబా జాడీ.
నడుము దగ్గర కాస్త వంకర,
ఆవంలో పక్కదాని మీద వాలి కునుకు తీసినట్టు.
భుజం మీద బూడిద కరిగి పచ్చగా కారి
సగంలో మనసు మార్చుకుని ఆగిపోయింది.
"ఎన్నేళ్లది?"
"మా తాత కొట్టు తెరిచేనాటికే పాతది."
బేరం ఆడలేదు. ఆడనిచ్చే మనిషి కాడు.

గుమ్మం దగ్గర పెట్టాను: వచ్చినవాళ్లు గొడుగులు దూర్చారు.
టీవీ పక్కన పెట్టాను: టీవీ చిన్నబోయింది.
కిటికీ దగ్గర ఒక్క ఎండుకొమ్మతో, పత్రికలో బొమ్మలా పెట్టాను:
మూడు రోజులు దాని చుట్టూ ఒద్దికగా నడిచాను
పెళ్లివారింట్లో ముక్కూమొహం తెలియని మనిషిలా.
చివరికి కొమ్మ తీసేసి
వంటగట్టు పక్కన నేల మీద దించాను.
అది కూచుంది.
అంతవరకూ నిలబడి ఉందని అప్పుడు తెలిసింది.

కెన్‌గో చేపలు పట్టే దారం తెచ్చి
మెడకు రెండు చుట్లు చుట్టి గోడ కొక్కేనికి కట్టాడు.
ఈ ఊళ్లో పుట్టినవాడు.
తొంభై ఐదు జనవరిలో, తెల్లవారకముందు,
వాళ్లమ్మ అద్దాల బీరువాలో పింగాణీ అంతా
తను చెప్పడు.
ముడి మాత్రం మూడుసార్లు వేస్తాడు.

అడుగున నాలుగు వేళ్ల గుర్తులు,
పూతలో ముంచేటప్పుడు పట్టుకున్న చేయి.
నా వేళ్లు ఆనించి చూశాను. మూడు సరిపోయాయి.
నాలుగోది మరీ పొట్టి.
వేలు తెగిన మనిషా? ముంచడానికి సాయమొచ్చిన పిల్లా?
నగిసా పరిగెత్తుకొచ్చి తన చేయి పెట్టింది.
"నాకు సరిపోయింది" అంది.
సరిపోలేదు. నేనేమీ అనలేదు.

జూన్‌లో వాన పట్టుకుంది.
పదకొండు రోజులు బట్టలు ఆరలేదు.
ఒక పొద్దున జాడీ ఒళ్లంతా తెల్లటి పొడి.
బూజేమోనని తడిగుడ్డతో తుడిచాను. మర్నాటికి మళ్లీ.
ఒగావరా గారికి ఫోన్ చేస్తే
అటు చాలాసేపు నవ్వు, తర్వాత దగ్గు, ఆ తర్వాత:
"ఉప్పమ్మా.
నలభయ్యో యాభయ్యో ఏళ్లు ఎవరో దాన్లో
ఉమే పళ్లు ఊరబెట్టి ఉంటారు.
మట్టి తాగింది ఎక్కడికి పోతుంది?
తేమ తగిలితే పైకొస్తుంది."
"ఆగదా?"
"ఆగుతుంది. మీ తర్వాత."

ఆ రాత్రి రెండు దాటాక భూమి కదిలింది.
పెద్దది కాదు, గ్లాసులు పళ్లు కొరికే పాటిది.
దీపం వేసేసరికి
కెన్‌గో టీవీని కౌగిలించుకుని ఉన్నాడు,
నేను జాడీని.
ఒకళ్లనొకళ్లం చూసుకున్నాం.
గుమ్మంలో నగిసా, కళ్లు నులుముకుంటూ,
"మరి నన్ను?" అంది.

తెల్లారేదాకా ముగ్గురం వంటింటి నేల మీదే.
దారం సన్నగా మోగి మోగి ఊరుకుంది.
నగిసా మా ఇద్దరి మధ్యన ఒదిగి
జాడీ మీద వేలు రాసి నాలిక మీద పెట్టుకుంది,
మొహం ముడిచింది.
మళ్లీ రాసింది.