మేకు

గుడి తాళంచెవి నా కొంగు ముడిలో ఉంటది.
ఊడ్చేది నేను, గంట కొట్టేది నేను.
కమిటీలో మాత్రం నా పేరు లేదు.

ఆ రాత్రి టీవీలో ఏడో నెంబరన్నారు.
సముద్రం ఈతముక్కల దాకా వినబడతంది,
ఎవరో పెద్ద చేటతో రాళ్ళు చెరుగుతున్నట్టు.
కాలవ గట్టు మీద బ్యాటరీ లైటొకటి
ఊగుతా, ఆగుతా, మళ్ళీ ఊగుతా వచ్చింది.

రొయ్యల గుంటల కాడ రేకుల షెడ్లలో ఉండే
ఒడిశా వాళ్ళు. పదిహేడు మంది. లెక్కబెట్టా.
ఓనరు ఫోను ఎత్తలేదంట.
ఎగిరొచ్చిన రేకు తగిలి
పిల్లోడొకడికి చెవి పక్కన నెత్తురు.

అబద్ధం చెప్పను. ముందు తలుపు తియ్యలేదు.
పోయిన ఎండాకాలం ఓనరు మా జక్కరయ్యను నిలబెట్టి
"నీకిచ్చే దుడ్లకి వాళ్ళు ఇద్దరొస్తారు, పో" అన్నాడు.
అప్పట్నించి మా పొయ్యి ఒక పూటే.
ఆ నెత్తురు చూసి కూడా
ముడి విప్పను నా వేళ్ళు రాలేదు.
తడికి బిగిసిందనుకున్నా.
ముడి తడవనే లేదు.

ఎందుకో బీరువాలో పుస్తకం గుర్తొచ్చింది,
చెదలు తినంగా మిగిలిన రిజిస్టరు.
పాస్టరుగారు ఒకసారి చదివి వినిపించారు.
పేరు నరసి, బాప్తిస్మం తర్వాత రూతమ్మ.
పని: కాలవ తవ్వకం.
స్వగ్రామం: తెలియదు.
మా జేజికి జేజి ఆమె.
ధాతు కరువులో యాడ్నించో నడిచొచ్చింది,
మన్ను మోస్తే సోలెడు గింజలిస్తారంటే.
చంకలో బిడ్డ. బతికిందో లేదో రాయలేదు.
ఆమెని చూసి కూడా ఎవరో అనే ఉంటారు,
మన కూలి కొట్టను వచ్చిందని.

తాళం తీశా.

బల్లలు గోడకి నెట్టాం.
క్రిస్మస్ తెరలు దించి ఒళ్ళు తుడుచుకోమన్నా.
ఒక ముసలాయన జేబులోంచి మేకు తీసి,
షెడ్డు రేకుతో పాటు ఊడొచ్చిన మేకంట,
రాయితో గోడకి కొట్టి
ప్లాస్టిక్ కవర్లో పటం తగిలించాడు.
గుండ్రటి కళ్ళ జగన్నాథుడు.
సంఘపెద్ద ఒబేదయ్య గొడుగు మూయకుండానే
"ఇది దేవుడి ఇల్లు, తబితమ్మా!" అన్నాడు.
"అవును గదా" అన్నా.
మారు మాట లేకుండా వానలోకి పొయ్యాడు.

జక్కరయ్య లోపలికి రాలేదు, గడప మీద కూర్చున్నాడు.
తన పనిలో చేరిన కుర్రోణ్ణి చాలాసేపు చూసి చూసి
"ఏరేటర్లు ఆపొచ్చారా?" అని అడిగాడు.
వాడికి అర్థమైంది ఆ ఒక్క మాటే.
తలూపాడు. ఈయనా తలూపాడు.

తెల్లారి ఒబేదయ్య కొడుకు బియ్యం మూట దించి
"నాయన పంపలేదు, నేనే తెచ్చా" అన్నాడు.
మూటకేసింది పడవ తాడు ముడి.
ఈ పల్లెలో ఆ ముడి వచ్చింది ముసలాయనకే.

ఝునూ అనే పిల్ల రాత్రన్నంలో నీళ్ళు పోసి
ఉప్పేసి పిసికి "పఖాళ" అంది.
"చద్ది" అన్నా.
ఒకే గిన్నె, ఒకే ఉల్లిగడ్డ.

కత్తికి జడిసి పసిబిడ్డనెత్తుకుని
ఐగుప్తుకి పారిపోయారని
ప్రతి డిసెంబరూ వింటన్నా.
ఆడ వాళ్ళకి తలుపు తీసిందెవరో రాయలేదు.
మొదట ఆమెక్కూడా
వేళ్ళు రాలేదేమో.

నాలుగో రోజు గుంటలకి మళ్ళీ పొయ్యారు.
కూలి పెరగలేదు. జక్కరయ్యకి పని రాలేదు.
"ఇది సభ్యుల పుస్తకమమ్మా" అన్నారు పాస్టరుగారు.
చివరి పేజీలో, పెన్సిల్‌తో అయినా సరే అన్నా.
పదిహేడు పేర్లు.
స్వగ్రామం గడి ఒక్కటీ ఖాళీ ఉంచనియ్యలా.
ఝునూ ఊరి పేరు మూడుసార్లు పలికించుకున్నా.
తప్పే రాసుంటాం.

పటం తీసుకుపొయ్యారు. మేకు అట్నే ఉంది.
తాళంచెవి ఇప్పుడు దానికే తగిలిస్తన్నా.
"చెవి లోపలుంటే తాళమెట్టా వేస్తావు?" అన్నాడు ఒబేదయ్య.
ఏమో,
ఇంకా ఆలోచించలా.