పండ్ల మీది చారలు

మన్ననూరు గేటు కాడ బుక్కుల పేరు రాయమన్నరు.
'ఎందుకు పోతున్నరు' అనే గడిల
ఏం రాయాల్నో తెల్వక
'చూసేటందుకు' అని రాసిన.

జీపు సగం దూరమే.
బండలు మొదలైన కాడ దించి
జంగీరు బండి మలుపుకున్నడు.
ఇగ మిగిలింది కాళ్ల పని.
తునికి చెట్ల నడుమ ఎండుటాకుల మీద
నా బూట్ల చప్పుడుకు నాకే సిగ్గనిపించింది.
ముందు నడుస్తున్న తోకల ఈదన్న
ఉత్త కాళ్లతోని
ఒక్క ఆకును గూడ నిద్ర లేపుతలేడు.

ఇంకెంత దూరమంటే కిలోమీటర్లు చెప్పడు.
"అగో, ఆ తేనెబండ నీడ
మనల్ని ముట్టేయాల్లకు చేరుతం."
నీడ నన్ను ముట్టి, దాటి,
నాకన్న ముందుగాల చేరింది.

ఈతచెలమ పెంట.
పదకొండు గుడిసెలు, బోర్లించిన గంపల లెక్క.
ఒక సోలారు పలక,
దాని మీద మిరపకాయలు ఆరబోసి ఉన్నయి.
"మరి లైటు?"
"లైటు ఏడాదికిందనే పోయింది.
కాయలైతే మంచిగ ఎండుతున్నయి."
కెమెరా తీస్తే కుక్కొకటి ఉరికొచ్చింది.
దాని పేరు రేంజరట.
"భయపడకు, ఊకె మొరుగుతది, కరువది."

తేనె ముచ్చట ఈదన్నే తీసిండు.
బండ మీదికెళ్లి తాడు కట్టుకుని దిగుతరు,
పైన తాడు పట్టేది బామ్మర్ది.
"అన్న పట్టొద్దా?"
"అన్నకేం పోతది?
బామ్మర్దికైతే అక్కనో చెల్లెనో
ముండమోస్తదన్న భయముంటది."
గ్రామీణ బ్యాంకుల ఇరవై రెండేండ్లు
జామీను కాయిదాలు రాసినోన్ని,
ఇంత గట్టి జామీను ఎన్నడు చూడలే.

పోతమ్మవ్వ సొరకాయ బుర్రల నీళ్లు తెచ్చింది.
చింతపండుల ఇంత బూడిద కలిపి
అరచేతుల పెట్టింది.
పులుపు సచ్చి, ఏదో కమ్మటి రుచి.
నేను నవ్విన.
అవ్వ నవ్వలే, నా నోట్లెకే చూస్తున్నది.
"ఏం నమిలినవ్ కొడుకా,
పండ్లకు గట్ల చారలు పడ్డయి?"

"నమల్లేదవ్వా, తాగిన.
మాది మర్రిగూడ దిక్కు. బోరు నీళ్లు."

అవ్వ పిల్లలను పిలిచింది.
ఏడుగురు వరుసగ నిలబడి
నా నోరు చూసిన్రు.
ఒకడు వేలుతోని గీకి చూసిండు, పోతదేమోనని.
చూసేటందుకు అని రాసొచ్చిన నేను
నోరు తెరుసుకుని కూసున్న.

మా మేనత్త సాయవ్వ గురించి చెప్పిన.
నలభై నిండకముందే నడుము వంగి
మొఖం భూమికి తిరిగింది.
నెలవంక చూడాలంటే
గంగాళం నిండ నీళ్లు పోయించుకుని
అండ్ల చూసేది.
ఆ బోరు నీళ్లే.

ఎవ్వలు మాట్లాడలే.
రేంజరు తోక ఊపుడు గూడ ఆపింది.
జరసేపటికి పోతమ్మవ్వ లేచి
నా రెండు సీసాలు తీస్కపోయి
చెలమల ముంచి తెచ్చింది, మూతలు బిగించి.
"మీ అత్తకియ్యి."
అత్త పోయి ఆరేండ్లయిందని
నాకు చెప్పబుద్ధి కాలే.
మా ఊరికిప్పుడు నల్లాలల్ల కృష్ణ నీళ్లొస్తున్నయి,
ఆ సంగతీ చెప్పలే.
ఎముకలకు ఆ కబురు ఇంక అందలే మరి.

తిరిగొస్తుంటే గేటు కాడ సంచి ఇప్పమన్నరు.
"ఏందివి? తేనెనా? జిగురా?"
"నీళ్లు."
మూత తీసి వాసన చూసి, అనుమానంగనే ఇచ్చిండు.
బుక్కుల టైము రాసి సంతకం పెట్టిన.
'ఏం చూసిన్రు' అనే గడి లేదు.

అచ్చంపేటల బస్సు మారిన.
డిండి దాటినంక పక్క సీటుల చంటిపిల్ల
ఒక్క తీరుగ ఏడుస్తున్నది.
వాళ్లమ్మ సంచంత దేవులాడి
నా దిక్కు చూసింది.
"అన్నా, మంచినీళ్లేనా?"
"మంచియే," అన్న.
ఆ మాట ఇంత ధైర్యంగ
నా నోట ఎన్నడు రాలే.
పిల్ల సగం తాగి, సగం మీద పోసుకుని
నన్ను చూసి నవ్వింది.
రెండే పండ్లు,
కింది వరుసల,
ఇప్పుడిప్పుడే లేస్తున్నయి.
తెల్లగ.