కోబే వంట

ఓడ కోబే రేవులో ఆగిన మూడు రోజుల్లో
నేర్చుకున్నాడట ఈయన.
సోంపేటలో, మా వంటింట్లో,
ఎండుమిర్చి మూకుట్లో పడగానే
గోడవతల నీలవేణి పిన్ని దగ్గింది,
తరవాత నేను, తరవాత పిల్లి.

సోయా సీసా అడుగున చెంచాడే మిగిలింది.
చింతపండు రసంలో బెల్లం చిదిమి పోశాను.
పైన చల్లే చేపపొట్టు ఎక్కడ దొరుకుద్ది?
బారువ ఎండురొయ్యలు దంచాను.
"అక్కడిలా చెయ్యరే" అన్నాడు.
"ఇదేటి, కోబేనా?"

పిన్ని గిన్నె పట్టుకుని గుమ్మంలోకొచ్చింది,
కళ్లు తుడుచుకుంటూనే.

క్యాబేజీ చిటపటలాడుతోంది.
నూడుల్సు తిరగేస్తున్నాడు.
ఇంటికొచ్చి పదకొండు రోజులు,
ఇంకా నేల ఊగుతున్నట్టే
కాళ్లు ఎడంగా పెట్టి నిలబడతాడు.

ఎక్కడికీ పోని మూకుడిని
మసిగుడ్డతో
గట్టిగా పట్టుకున్నాను.