పెళ్ళి పిలుపు, మూడో ప్రూఫు

పర్లాకిమిడి స్టేషన్ వెనక సందులో
పాణిగ్రాహి గారి ప్రెస్సు.
కరెంటు పోతే మిషను ఆగదు, కాలితో తొక్కేదే.
నేనే ఆగుతాను. కిటికీ దగ్గరికి కుర్చీ జరుపుకుని
వెలుగున్నంత మేర చదువుతాను.
ఇరవై ఆరేళ్ళుగా నా తిండి తప్పుల మీదే.
దొరికినవాటికి జీతం, దొరకనివాటికి తిట్లు.

సీసపు గళ్ళలో, ఎవరు సర్దారో గానీ,
ప పక్కనే వ కాపురం.
ఒకదానికి చిన్న ముడి, రెండోదానికి లేదు.
ఆ ముడి చాటున
పంట వంట అవుతుంది, పగ వగ అవుతుంది,
పెట్టి వెట్టి అవుతుంది.

మాటలకీ ఇరుగుపొరుగు ఉంటుంది మరి.
ఒకరి తలుపు కొడితే నలుగురు గుమ్మంలోకి వస్తారు.
ఎవర్ని పిలిచామన్నది తర్వాతి సంగతి,
రోజూ పలకరించేవాడే ముందు ఓయ్ అంటాడు.
ఎప్పుడో గానీ కనపడని మాట, పాపం,
చెప్పులు వెతుక్కునేలోగా
కన్ను పక్కింట్లో కూచుని టీ తాగేసి లేస్తుంది.

పని నేర్పిన దాలినాయుడు మావ అనేవాడు:
"ఎనక్కి సదువు పాపా. కడాకరి మాట కాణ్ణించి మొదటికి రా.
అర్థం కుక్కలాటిది,
ముందు పరిగెత్తనిచ్చావంటే నిన్ను ఈడ్సుకుపోద్ది."
చాన్నాళ్ళు అలాగే చదివాను.
తర్వాత మానేశాను.
అనుభవం వచ్చిందనుకున్నాను.

మొన్న మాఘంలో కాశీనగరం వాళ్ళ కార్డు.
గులాబి అట్ట, మూడొందల కాపీలు.
మూడు ప్రూఫులూ చూశాను, మూడింటి మీదా నా సంతకం.
రోలరు తుడుస్తున్న సోంబారు
ఆరబెట్టిన కార్డు మీద వేలు పెట్టాడు.
సెరంగో కొండల పిల్లాడు.
ఇంట్లో సవర, బడిలో ఒడియా,
తెలుగు మా దగ్గరే, మూణ్ణెల్లుగా.
ఒడియాలో ఠ అచ్చం మన సున్నాయే,
వచ్చిన కొత్తలో అందాన్ని
అఠదఠ అని చదివి మిషను తొక్కేవాణ్ణి కూడా నవ్వించాడు.

వేలు కదిలితేగాని వాడికి మాట కదలదు.
అక్షరం, ఆగి, ఇంకో అక్షరం,
వాగు దాటేటప్పుడు రాయిరాయినీ తొక్కి చూసుకున్నట్టు.
"వె... ళ్ళి... పి... లు... పు.
అక్కా, ఈ పిల్ల ఎక్కడికి వెళ్ళింది?"

నవ్వాను, ఇంకా చదువు రాలేదు వీడికని.
కార్డు లాక్కుని చూస్తే పెళ్ళి పిలుపే.
మళ్ళీ చూశాను. పెళ్ళే.
భూతద్దం తెచ్చాను.
ముడి ఉంది.
మూడు ముళ్ళ కార్డులో
ఎవరూ వేయమనని నాలుగోది.

ఇరవై ఆరేళ్ళ నా కళ్ళకి
ఊరంతా చుట్టాలే, ఎవరింటికి వెళ్ళినా పీట వేస్తారు.
వాడికి తెలుగులో ఇంకా ఇరుగుపొరుగు లేదు.
అందుకే ఎవరి తలుపు కొట్టాడో వాళ్ళే తీశారు.

అట్ట డబ్బులు నా జీతంలోంచి పోయాయి.
అప్పట్నించీ నాలుగో ప్రూఫు సోంబారుది.
సాయంత్రం వాడు పైకి చదువుతాడు,
నేను కళ్ళు మూసుకుని వింటాను.

నిన్న గుణుపురం వైద్యుడి లేబులు,
సుగంధి వేరు, కషాయానికి.
వాడు వేలు పెట్టకుండా, గడగడా,
"సుగంధి పేరు" అని చదివేశాడు.

వెంటనే దిద్దలేదు.
వాడికీ పొరుగు కుదిరిందని
ఒక్క క్షణం ఊరుకున్నాను.
తర్వాత ఆ వేలు పట్టుకుని
మళ్ళీ కాగితం మీద పెట్టాను.