చుట్టకుదురు

రోడ్డు మీద రాలేదు వాళ్ళు.
రోడ్డు మీద రావడం ఇప్పుడెవరికీ కుదరదు,
మొన్ననే పీఠభూమి కింద రెండు లారీలు తగలబెట్టారు.
ఆకాశంలోంచి దిగారు.
ఆ గాలికి మా గుడారాల తాళ్ళు తెగాయి,
పక్క గుడారం అబీబా పొయ్యి మీది కసావా కుండ బోర్లాపడింది.

నల్లకోటు అబ్బాయి చేతిలో ఫైలు.
"అమ్మమ్మా, ఎర్మెలిండా నందేంగను పూడ్చింది మీరేనట కదా,
దేశం ఆమెను రాజధానికి తీసుకెళ్తోంది."
యాభై ఏళ్ళకి గుర్తొచ్చిందా అని అడగలేదు.
గుర్తు రావడమే గొప్ప.
నా చిన్నకొడుకు పేరు నాకే ఒక్కోరోజు తట్టదు.

జీడిమామిడి చెట్టు లేదు, మొద్దూ లేదు.
వాగు వంపు మాత్రం ఉంది.
అక్కణ్ణించి తూర్పుకి నలభై అడుగులు,
నా పదిహేడేళ్ళ అడుగులు.
ఇప్పటి కాళ్ళతో కొలిస్తే వేరెవరినో తవ్వుతారు.
ఒక సిపాయి పిల్లను నడవమన్నాను,
నెత్తిన నీళ్ళడబ్బా పెట్టుకుని నడవమన్నాను.
ఖాళీ తలతో మేమెప్పుడూ నడవలేదు మరి.

దొరికింది.
ఒక గుండీ. కొన్ని ఎముకలు.
దవడలో పక్కపన్ను లేని చోటు.
"అదే" అన్నాను.
ఆ పన్ను ఎలా పోయిందో ఫైల్లో లేదు.
పత్తి తూకం తక్కువొచ్చిందని కంపెనీ మేస్త్రీ కొట్టిన దెబ్బ.
అప్పటికి దానికి తొమ్మిదేళ్ళు.

రువూమా దాటి, రాత్రిళ్ళు, తూటాల పెట్టెలు మోసేవాళ్ళం
పదకొండు మంది ఆడపిల్లలం.
గడ్డితో పేనిన చుట్టకుదురు ఒక్కటే, వంతులు వేసుకునేవాళ్ళం.
వంతు రాని రాత్రి పెట్టె అంచు నడినెత్తిన దిగేది.
ఎర్మెలిండా తన వంతు ఎప్పుడూ మాకే వదిలేసేది.
దాన్నిప్పుడు త్యాగం అంటున్నారు.
కాదు, పందెం.
తన నెత్తి గట్టిదని పందెం కాసి
తెల్లారాక మా చిలగడదుంపలన్నీ తినేసేది.

రాజధానిలో ఆరుగురు మోశారు దాన్ని.
ఆరుగురెందుకు?
జెండా తీసేస్తే తూటాల పెట్టెలో సగం బరువు లేదు.
నాకివ్వండి, పది అడుగులు నెత్తిన పెట్టుకుంటానన్నాను.
"ప్రోటోకాల్" అన్నాడు అబ్బాయి.
ఆ మాటకి మా భాషలో మాట లేదు,
వద్దు అనే మాటే ఉంది.

అధ్యక్షుల వారు చదివారు:
శత్రువు ఎదుట, చివరి ఊపిరితో,
"స్వేచ్ఛ" అందట.
జనం చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను, చేతులు ఊరుకోలేదు.

శత్రువు లేడు అక్కడ. వాన ఉంది.
ఎనిమిది రోజుల జ్వరం.
తొమ్మిదో తెల్లవారుజామున కళ్ళు తెరిచి
"ఉప్పుందా?" అంది.
ఆ ఏడు పీఠభూమి మొత్తం మీద చిటికెడు ఉప్పు లేదు,
బూడిద నీళ్ళతో వండుకునేవాళ్ళం.
రేపొస్తుందిలే అన్నాను.
నా బతుకులో నేనాడిన పెద్ద అబద్ధం అదే,
చాలా చిన్న మాటల్లో ఆడాను.

రాత్రి విందు.
తెల్లటి బట్ట మీద, ఎవరూ ముట్టని గాజుబుడ్డిలో, ఉప్పు.
బుడ్డి మొత్తం వొంపుకుని కపులానా కొంగున ముడేశాను.
పొద్దున్నే వెళితే వీరుల గోపురానికి తాళం.
సోమవారం రమ్మన్నాడు కాపలావాడు.
ఆదివారమే మా విమానం.

గుడారానికొచ్చి, తాళ్ళు బిగించి, కూర్చున్నాను.
సాయంత్రం అబీబా కూతురు
చిప్ప పట్టుకుని వచ్చి నిలబడింది.
"అమ్మమ్మా, ఉప్పుందా?"

ఉంది, అన్నాను.
ముడి విప్పడానికి
చాలాసేపు పట్టింది.