ఏడుంబావు

వడపళనిలో బైకుల సర్వీసు షాపు మీద మూడో అంతస్తు.
గంటకి ఆరు వందలు, ఏసీ వేస్తే ఇంకో వంద.
చెప్పులు బయట విడిచి లోపలికి వెళ్ళాం ఐదుగురం,
ఎవరివో పెళ్ళిచూపులకి పెద్దలుగా వచ్చినట్టు.

ముప్పై ఒక్క ఏళ్ళ తర్వాత ముందు గుర్తుకొచ్చేది ముఖం కాదు.
తీగ బిగించేటప్పుడు నాలుక కొస బయటపెట్టడం:
ఇళంగో ఇంకా పెడుతున్నాడు.
కోదండపాణికి ముందు పళ్ళు కట్టుడువి.
శాక్సఫోన్ నోట పెట్టుకునే ముందు
దానికేదో సర్దిచెప్పుకున్నాడు, మాకు వినపడకుండా.
జుబేదా వయొలిన్ పెట్టెలో
నలిగిన పల్లవన్ బస్సు టికెట్టు, యాభై పైసలది.
నెవిల్ రోజారియో ఇప్పుడు బడిలో డ్రమ్స్ మాస్టారు,
జేబులో మెట్రోనోమ్.
నా బేస్ గిటార్‌కి నాలుగు తీగలూ కొత్తవి.
వేళ్ళే, ఏం చేస్తాం, పాతవి.

పెరంబూరులో నెవిల్ వాళ్ళ నాన్న స్కూటర్ షెడ్డు.
బండి కడిగిన నీళ్ళు కాలవలోకి పోవాలని
నేల ఓ పక్కకి వాల్చి పోయించాడాయన.
టైపు క్లాసుకని చెప్పి నేను,
లెక్కల ట్యూషన్‌కని ఇళంగో,
ఎవరికీ ఏమీ చెప్పకుండా జుబేదా.
ఏడుంబావుకి ఆవడి లోకల్ పోయేది.
రేకుల కప్పు దడదడలాడుతుంటే
ఒకరి మాట ఒకరికి వినపడదు గనక
ఆ చప్పుడులోనే అందుకునేవాళ్ళం:
తకిట తకధిమి, తకిట తకధిమి.
అడుగున కోదండపాణి తాతగారి డోలు లెక్క,
పైన నెవిల్ మేనమామ ఓడలో తెచ్చిన
రికార్డుల్లోని వంకర స్వరాలు.
పాట పేరు ఏడుంబావు. బ్యాండు పేరూ అదే.
పదహారేళ్ళకి అంతకన్నా ఏం తట్టలేదు.

ఇవాళ మొదలెట్టాం. ఆగాం.
మళ్ళీ మొదలెట్టాం. ఆగాం.
అందరం సరిగ్గానే వాయిస్తున్నాం,
పాటే రావడం లేదు.
"నువ్వు తప్పు చెయ్యట్లేదు నెవిల్, అదీ గొడవ"
అంది జుబేదా, కమాను దించి.

ఫోనులోకి ఎక్కించుకున్న పాత క్యాసెట్ పెట్టాం.
నిజమే. ప్రతి నాలుగో ఆవర్తంలో ఒక దెబ్బ లేదు.
చీకట్లో మెట్టు విరిగిందని తెలిసిన ఇంట్లోవాళ్ళలా
ఐదుగురం అక్కడ కాలెత్తి వేస్తున్నాం.

నెవిల్ ప్రయత్నించాడు.
కావాలని వదిలిన దెబ్బ
ఇంకా గట్టిగా మోగింది.
"ఇరవై ఏళ్ళుగా పిల్లల చేత ఇదే మాన్పిస్తున్నాను" అన్నాడు,
చెవులు ఎర్రబడ్డాయి.

నాకెందుకో అతని ఎడమకాలు గుర్తొచ్చింది.
"అప్పట్లో ఆ కాలు అటూ ఇటూ పోయేది కదూ?"
కాసేపు ఏసీ చప్పుడు.
తర్వాత నెవిల్ పొట్టపట్టుకుని నవ్వాడు.
సింబల్ స్టాండు! వాలు నేల మీద జారిపోయేది,
నాలుగు ఆవర్తాలకి జానెడు.
కాలితో వెనక్కి లాక్కునేవాడు.
హైహ్యాట్ తొక్కాల్సిన కాలు అదే.

ఇక్కడ నేల చదును. స్టాండుకి రబ్బరు తొడుగులు.
కోదండపాణి పంచె పైకి కట్టి కింద కూర్చుని
మూడూ పీకి నా చేతిలో పోశాడు.

మొదటిసారి స్టాండు కదల్లేదు.
రెండోసారి ఏకంగా నా ఆంప్‌లిఫయర్‌కి తగిలింది.
మూడోసారి
నెవిల్ కాలు దానంతటది చాచుకుంది.
ఒక దెబ్బ పోయింది.
ఆ ఖాళీలోకి ఐదుగురం
ఎవరి ముఖం ఎవరం చూడకుండా
ఒకేసారి దిగాం.

క్యాసెట్ అక్కడితో అయిపోతుంది.
ఆ తర్వాత ఎలా ముగించేవాళ్ళమో
ఎవరికీ గుర్తులేదు.
ఒక్కొక్కరు ఒక్కోచోట ఆగారు, ఇళంగో అందరికన్నా చివర.

కుర్రాడు అద్దం మీద తట్టాడు, టైమైందని.
జుబేదా పర్సు విప్పి
ఇంకో ఆరు వందలు లెక్కపెట్టింది.
ఏసీ వద్దంది.