కారణం రాయనిదే

పదకొండు వరుసలంతే.
మడికొండ ఆఫీసుల కరెంటు పోయిన ఓ మధ్యాహ్నం
లాప్‌టాప్ బ్యాటరీ మీద రాసిపెట్టిన ఆ హుక్కు.
ఎవరు కమిట్ కొట్టినా లేచి నిలబడతది.
టికెట్ నంబరేది? అంటది.
ఎందుకు మార్చినవు? అంటది.
ఇరవై అక్షరాలకు ఒక్కటి తక్కువైనా
ఎర్రగ ఒకటే మాట: చెల్లదు.

"టికెట్ లేకున్నా కాజీపేట టీసీ
ఇంత గుంజులాడడు నజీమా"
అని ప్రసూన మూతి తిప్పుకున్నది.
ఓదెలు మాత్రం ఏమనలే.
'అ' మీద వేలు పెట్టి ఇరవై సార్లు నొక్కిండు.
పచ్చగ తెరుసుకున్నది.
నవ్విన. మర్నాడు ఇంకో వరుస కలిపిన.
నిన్నటి కారణాన్నే మళ్ల అతికించిండు.
దానికి లెక్క తెలుసు,
అబద్ధం తెల్వదు.

ఎనుమాముల యార్డుల పత్తి కాంటాలు నడిచేది
మా కోడ్ మీదనే.
ఏరుడు జోరుమీదున్న రోజులు,
రాత్రి తొమ్మిదిన్నరకు శశిధర్ సార్ ఫోన్:
తేమ కోత పన్నెండు కాడ కాదు,
ఎనిమిది కాడ మొదలు కావాలె.
తెల్లారేసరికి.

ఒక్క అంకె.
ఓదెలు మార్చిండు. హుక్కు లేచింది.
"దాన్ని దాటేసి కొట్టు" అన్నడు సార్.
దాటే సందు ఉన్నది, నేర్పింది నేనే.
కాని సర్వర్ కాడ ఇంకోటి కూసున్నది,
దానికి ఏ సందూ లేదు.
"అయితే ఏదో ఒకటి రాయి."

ఓదెలు చానాసేపు కీబోర్డు దిక్కే చూసిండు.
ఆదివారం ఊరికి పోయొచ్చిన చొక్కా,
కాలర్ కింద ఇంకా ఓ పత్తి పోగు.
ఆనక ఆగకుండ కొట్టిండు:

శశిధర్ సార్ ఫోన్ల చెప్పిండు.
ఎందుకని అడిగిన. చెప్పలే.
ఈ అంకెతోని బస్తా బస్తాకు పైసలు తెగుతయ్.

ఇరవై కన్నా ఎక్కువే.
పచ్చగ తెరుసుకున్నది.

తెల్లారి కాంటాలు ఎనిమిది కాడనే కోసినయ్.
నా హుక్కు ఏదీ ఆపలే,
గొప్పలు చెప్పుకోను.
ఓదెలును వేరే పనికి మార్చిండ్రు.

పదిరోజులకు సార్ నా కుర్చీ ఎనక నిలబడి,
గొంతు తగ్గించి,
ఆ మూడు ముక్కలు తీసెయ్యరాదు అన్నడు.

తీస్త సార్.
టికెట్ నంబరు చెప్పుండ్రి.
ఎందుకో గూడ.